పొడుగు మనిషికి కుట్టిన సీటు

మొన్న శనివారం మా తమ్ముడి కూతురు నన్ను వెంటబెట్టుకుని రాణీగంజ్‌లో మోటార్‌సైకిల్ సామాను అమ్మే ఒక పెద్ద దుకాణానికి తీసుకువెళ్లింది. ఆ పిల్లకూ మా వంశపు పొడుగే వచ్చింది, ఐదడుగుల పదకొండంగుళాలు. కొత్తగా కొన్న బండి మీద వారానికోసారి ఊరు దాటి ఎక్కడెక్కడో తిరిగి వస్తుంది, వచ్చాక నడుం పట్టుకుని సోఫాలో వాలిపోతుంది. బండితో పాటు వచ్చిన సీటు తీసేసి పొడుగువాళ్లకు పనికివచ్చే వేరే సీటు వేయించాలని నెల రోజులుగా ఫోన్‌లో వెతికిందట. అక్కడ ఒకరు మంచిదన్నదాన్ని ఇంకొకరు దండగ అంటుంటే విసిగిపోయి, ఇంట్లో ఆరడుగులు దాటినవాణ్ణీ, ముప్ఫై ఏళ్లు బండి మీద ఊళ్లు తిరిగినవాణ్ణీ నేనొక్కణ్ణే కాబట్టి చివరికి నా దగ్గరికి వచ్చింది.

ఆ దుకాణంలో గోడల నిండా సీట్లే. జెల్ పెట్టినవి, గాలి నింపేవి, మధ్యలో గాడి తీసినవి, చూస్తే కళ్లు తిరిగాయి. అన్ని సీట్లున్న చోట మనిషి కూర్చోవడానికి ఒక కుర్చీ మాత్రం లేదు. డెబ్బై దాటిన నడుముతో అరగంట నిలబడేసరికి నాకు ఇంటికి పోతే చాలనిపించింది.

“పెద్దనాన్నా, ఇది చూడు, ఎంత మెత్తగున్నదో! ఇదే తీసుకుంటా,” అంది పిల్ల.

నేను బొటనవేలితో నొక్కి చూశాను. వేలు అడుగున రేకు తగిలేదాకా దిగిపోయింది. “వద్దు బిడ్డా, ఇది పది కిలోమీటర్ల సుఖమే” అని, ఎత్తుగా, బల్లపరుపుగా, కొంచెం గట్టిగా ఉన్న ఇంకొకటి తీయించి, బయట దాని బండికే పెట్టించి, ఎక్కి కూర్చోమన్నాను. మోకాళ్లు తుంటి కంటే పైకి లేవకుండా ఉన్నాయో లేదో వంగి చూశాను. పిల్ల సంతోషించింది. “ఇవన్నీ నీకెట్ల తెలుసు?” అని అడిగింది. ఎవరో నేర్పారులే అన్నాను. అంతకంటే చెప్పే ఓపిక అప్పుడు లేకపోయింది.

నేర్పినాయన బోయిన్‌పల్లిలో సీట్లు కుట్టే భాయ్.

అప్పట్లో నేను పశువుల మందుల కంపెనీలో పనిచేసేవాణ్ణి. వారంలో ఐదు రోజులు సిద్దిపేట దారి పట్టుకుని, శామీర్‌పేట, గజ్వేల్, ఆ చుట్టుపక్కల ఊళ్లలో కోళ్లఫారాలూ పాలకేంద్రాలూ తిరిగి రావాలి. ఆ రోజుల రోడ్లు మన ఈడువాళ్లకు వేరే చెప్పాలా! నా ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. మోటార్‌సైకిళ్లు చేసేవాళ్లు నాలాంటివాడు ఒకడు పుడతాడని అనుకున్నట్టు లేదు. కూర్చుంటే మోకాళ్లు హ్యాండిల్‌కు తగిలేవి, బ్రేకు వేసినప్పుడల్లా ట్యాంకు మీదికి జారిపోయేవాణ్ణి, సాయంత్రం దిగేసరికి నడుం కింది భాగం నాది కాదన్నట్టు ఉండేది.

మా కాపురం పద్మారావు నగర్‌లో. అమ్మానాన్నలు, ముగ్గురు అన్నదమ్ములం, భార్యలు, పిల్లలు కలిపి పదకొండుమందిమి నాలుగు గదుల్లో ఉండేవాళ్లం. ఎవరితోనూ పేచీ లేదు, నిజమే, కానీ మొగుడూ పెళ్లాం మనసు విప్పి నాలుగు మాటలు అనుకోవడానికి ఆ ఇంట్లో జాగా ఉండేది కాదు. మా ఆవిడ తిరుమలగిరిలో ఒక బడిలో టీచరు. నా దారి కూడా అటే కాబట్టి రోజూ పొద్దున ఆమెను బడి దగ్గర దింపి నేను ముందుకు సాగిపోయేవాణ్ణి. ఇంటి నుంచి బడి దాకా పట్టే ఆ పావుగంటా ఇరవై నిమిషాలే మా ఇద్దరికీ సొంతమైన కాలం. ఆమె చీరకట్టుతో ఒక పక్కకు కూర్చుని, కుడిచెయ్యి నా భుజం మీద వేసి, చెవి దగ్గర చెప్పుకుంటూ వచ్చేది. చిన్న మరిది వేరుపడే ఆలోచనలో ఉన్నాడని, బడిలో ఎవరికో బదిలీ అయిందని, తనకు ఎం.ఏ. కట్టాలని ఉందని. మా అమ్మాయి కడుపున పడ్డ సంగతి నాకు కార్ఖానా చౌరస్తాలో, బస్సుల హారన్ల మధ్య తెలిసింది. సంతోషంలో లైటు మారిన సంగతి చూసుకోక వెనకవాళ్లతో తిట్లు తిన్నాను. అలా పన్నెండేళ్లు గడిచాయి.

ఆ పన్నెండో ఏట నా నడుం పూర్తిగా మొరాయించింది. డాక్టరు నా ఎక్స్‌రే పటాలు వెలుతురుకు పట్టి చూసి, బండి మానెయ్యాలి, కుదరకపోతే కనీసం ఆ సీటైనా మార్చాలి అన్నాడు. బండి మానేస్తే ఉద్యోగమే లేదు. అప్పుడే ఒక కోళ్లఫారం యజమాని ఈ భాయ్ సంగతి చెప్పాడు. కూరగాయల మార్కెట్‌కు వచ్చే లారీలకు డ్రైవరు సీట్లు కుడతాడని, ఆయన సీటు మీద కూర్చుని వెయ్యి మైళ్లు నడిపినవాళ్లు ఉన్నారని.

భాయ్‌ది తూప్రాన్ దిక్కు. అరవై దగ్గరపడిన మనిషి, పొట్టిగా, కళ్లద్దాలు ముక్కు చివర పెట్టుకుని, నన్ను చూడగానే ముందు నవ్వాడు. చాలా మెత్తటి సీటు కావాలని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“మెత్తది మంచం మీద మంచిగుంటది సార్. బండి మీద బొక్కలకు ఆధారం కావాలె. మెత్తదాంట్ల దిగవడితె బొక్క పోయి రేకుకు తగుల్తది, గప్పుడు షురూ అయితది తక్లీఫ్.”

తరువాత పాత సీటు ఊడదీసి, రెగ్జిన్ సంచీలో తడి ఇసుక నింపి దాని జాగాలో పరిచి, ఎప్పుడూ కూర్చునేటట్టే కూర్చొమ్మన్నాడు. టీ తెప్పించాడు. చాయ్ తాగినంతసేపు కదలవద్దన్నాడు. దిగాక ఇసుకలో పడ్డ అచ్చును చాలాసేపు చూసి, రెండు గుంటలు చూపించి, నా బరువంతా ఈ రెండు బొక్కల మీదే, అంటే కూర్చునే ఎముకల మీదే పడుతోందని, తొడలు ఊరికే గాలిలో ఉన్నాయని చెప్పాడు. ఏ డాక్టరూ నాకు అంత తేలిగ్గా అర్థమయ్యేటట్టు చెప్పలేదు.

వారం తరువాత సీటు తయారైంది. నాలుగు వేళ్ల ఎత్తు పెంచాడు. అడుగున గట్టి ఫోమ్, పైన ఒక వేలు మందాన మెత్తటిది. ముందుకు జారకుండా బల్లపరుపు చేశాడు, నన్ను జానెడు వెనక్కి జరిపి, నడుముకు ఆనేటట్టు ఒక దిమ్మ లేపాడు. ఆ రోజు సిద్దిపేట దాకా పోయి వచ్చి, ఇంటి ముందు బండి దిగి, గోడ పట్టుకోకుండా నిలబడ్డాను. వాకిట్లో బియ్యం ఏరుతున్న మా అమ్మ తలెత్తి, “ఏందిరా, మల్ల పెరిగినట్టున్నవ్?” అంది.

మర్నాడు పొద్దున మా ఆవిడ బండి ఎక్కడానికి రెండుసార్లు ప్రయత్నించింది. సీటు ఎత్తు పెరిగేసరికి ఆమె పాదం కింద కాలు పెట్టుకునే రేకుకు అందలేదు. నేను వెనక్కి జరిగిన జానెడూ ఆమె జాగాలోంచే పోయింది, మిగిలినదాంట్లో సగం దిమ్మ. కాలు గాలిలో వేలాడుతుంటే నా భుజాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. దారిలో మాట్లాడలేదు. పడిపోకుండా చూసుకోవడంతోనే సరిపోయి ఉంటుందని ఇప్పుడు తెలుస్తోంది. నేను మాత్రం సుఖంగా కూర్చున్న ధ్యాసలో ఉన్నాను. ఐదారు రోజులు చూసి ఒక పొద్దున టిఫిను డబ్బా సర్దుకుంటూ మామూలుగా అన్నది:

“ఇగ నేను బస్సుల పోత. మీరు ఎండ పడకముందే బయలుదేరొచ్చు, మీకూ మంచిగుంటది.”

ఎందుకు అని నేను అడగలేదు. పైగా తిరుమలగిరిలో ఆగే పని తప్పిందని లోలోపల కొంచెం హాయిగా కూడా అనిపించింది.

ఏడాది గడిచింది. నడుం బాగైంది, జీతం పెరిగింది, ఊళ్లు పెరిగాయి. ముందువైపు కుట్టు ఊడితే వేయించుకుందామని మళ్లీ భాయ్ దగ్గరికి వెళ్లాను. ఆయన సూది పట్టుకుని సీటు మీదికి వంగి, చేత్తో ముందు భాగం తడిమి, తరువాత వెనక భాగం తడిమి, కళ్లద్దాలు తీసి నా మొహంలోకి చూశాడు.

“సార్, మీ జాగ అరిగింది. ఎనక రెగ్జిన్ కొత్తగనే ఉన్నది. ఎవ్వరు కూసుంటలేరా?”

“మా ఆవిడ కూర్చునేది భాయ్. ఇప్పుడు బస్సులో పోతున్నది.”

“ఎప్పటిసంది?”

నేను లెక్క వేసుకుని, ఈ సీటు వేసినప్పటి నుంచి అని చెప్పాను. చెబుతుంటేనే నాకు ఆ సంగతి మొదటిసారి తెలిసినట్టయింది.

ఆయన సూది పక్కన పెట్టేశాడు. కోపం వచ్చిందనుకున్నాను, కోపం కాదు, మొహం చిన్నబోయింది. “తప్పు నాదే సార్. లారీ సీట్లు కుట్టి కుట్టి, నడిపెటోణ్నే చూసిన. ఎనక ఎవరు కూసుంటరని అడగకపోతిని. మేడంను జెర తోల్కరాండ్రి, ఆమెను సుత ఇసుకల కూసోవెడ్త” అన్నాడు.

మా ఆవిడ రానంది. తనకేం తక్లీఫ్ లేదని, ఆయన్ని పరేషాన్ చేయొద్దని చెప్పింది. నేనే ఆమె ఎత్తు నా ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపించి వచ్చాను. ఆ కొలతతోనే భాయ్ ఆ సీటు విప్పి మళ్లీ కుట్టాడు. నా భాగం అలాగే ఉంచి, దిమ్మ పలుచన చేసి, వెనక భాగం కిందికి దించి, ఎడమ అంచు ఒత్తుకోకుండా గుండ్రం చేశాడు. కాలు పెట్టుకునే రేకును విప్పించి రెండంగుళాలు పైకి వెల్డింగ్ చేయించాడు. అంత శ్రద్ధగా మరొకరి కోసం పనిచేసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆ ఆదివారం మేమిద్దరం అల్వాల్‌లో ఒక గృహప్రవేశానికి ఆ సీటు మీదే వెళ్లాం. ఆమె పాదం రేకు మీద చక్కగా ఆనింది. బాగుందా అంటే చాలా బాగుందంది. నాకు ప్రాణం లేచివచ్చింది. సోమవారం పొద్దున బండి తుడిచి, స్టాండు తీసి, గేటు దగ్గర నిలబడ్డాను. ఆమె సంచీ భుజాన వేసుకుని వచ్చి, నన్ను చూసి ఒక్క క్షణం ఆగింది. బస్టాపులో ఇద్దరు టీచర్లు తన కోసం చూస్తుంటారని, బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఎం.ఏ. పుస్తకాలు చదువుకుంటున్నానని, ఇంట్లో ఎట్లాగూ కుదరదు కదా అని, ఏమీ అనుకోవద్దని చెప్పింది. ఎం.ఏ.కు కట్టిన సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఏడాది కిందటైతే ఆ సంగతి మొట్టమొదట నా చెవిలోనే పడేది. సరే వెళ్లు అన్నాను. ఇంకేమనగలను?

తరువాత ఎప్పుడు బోయిన్‌పల్లి వైపు వెళ్లినా భాయ్ అడిగే మొదటి మాట ఒకటే, మేడం మంచిగ కూసుంటున్రా అని. కూర్చుంటున్నది భాయ్ అనేవాణ్ణి. అంత కష్టపడిన మనిషికి నిజం చెప్పడానికి నోరు రాలేదు. కానీ ఆయన రెగ్జిన్ చూసి చెప్పగలడు కదా. అందుకని ట్యాంకు మీద పెట్టుకునే మందుల సంచీని వెనక సీటు మీద కట్టడం మొదలుపెట్టాను. ఏళ్లు గడిచేకొద్దీ వెనక భాగం కూడా అరిగింది. భాయ్ దాన్ని ఒకసారి చేత్తో నిమిరి, “మంచిది సార్, మంచిది” అన్నాడు. ఇంకేమీ అడగలేదు.

నేను రిటైరయ్యే ముందు ఏడాది భాయ్ పోయాడు. తెలిసేసరికి పదిరోజులు దాటింది. వాళ్లింటికి వెళ్లి పలకరించి వచ్చి, అలసటతో కుర్చీలో కూలబడి, అన్నేళ్లుగా దాచిన సంగతంతా మా ఆవిడకు చెప్పాను.

“సంచి కూసున్న జాగ, మనిషి కూసున్న జాగ ఒక్కతీరుగ అరుగుతదా? ఆయనకు ఎరుకనే ఉంటది. మీ మొహం చూసి ఊకున్నడు,” అంది. తరువాత కాసేపటికి, “నాకొక్క మాట చెప్తే ఏమాయె? ఒక్కనాడు ఆ సీటు మీద కూసోని ఆయన దుకాణం దాక వస్తుంటి గద,” అంది.

ఆమె బండి ఎక్కనందుకు నేనూ నొచ్చుకుని ఉన్నానని, అడిగితే మళ్లీ కాదంటుందేమోనని భయపడ్డానని అప్పుడైనా చెప్పవలసింది. చెప్పలేదు.

ఇప్పుడు ఎక్కడికి పోవాలన్నా ఫోన్‌లో కారు పిలుస్తాం, ఎవరి కిటికీ దగ్గర వాళ్లం కూర్చుంటాం. పదకొండుమంది ఇల్లు ఏనాడో విడిపోయింది. ఈ ఫ్లాట్‌లో ఉన్నది మేమిద్దరమే, గొంతు తగ్గించుకోవలసిన పని లేదు, వినకూడనివాళ్లు ఎవరూ లేరు, మాట్లాడుకోవడానికి రోజంతా ఉంది. అయినా మందుల సంగతి, కూరల సంగతి అయ్యాక మా మాటలు ఆగిపోతాయి. ఒక్కోసారి ఆమె ఏదో చెప్పబోయి ఊరుకుంటుంది. ఏమిటంటే ఏం లేదంటుంది. ఆ రోజుల్లో బడి వచ్చేలోపు చెప్పెయ్యాలన్న తొందర ఉండేది. ఇప్పుడు ఏ తొందరా లేదు, అందుకేనేమో, చెప్పుకోవలసినవి చెప్పుకోకుండానే పొద్దు గూకుతోంది.