రన్నింగిన్ కామేశ్వరరావు

ముక్తేశ్వరం కామేశ్వరరావుకి ఒకే ఒక్క పిచ్చి. తన కారుని ఎవరూ తొందరపెట్టకూడదు. కొబ్బరి బేరాల్లో గయ్యిమని లేచే మనిషి, కారు దగ్గరికొచ్చేసరికి వెన్నముద్దయిపోయేవాడు. "ఆయ్, కాస్త లేస్తారాండీ?" అని బానెట్టు నిమిరి మరీ అడిగేవాడు. పెళ్లయిన నాటినుంచీ భార్య మాణిక్యాన్ని ఒక్కసారి కూడా "అండీ" అన్న పాపాన పోలేదు.

అది తెల్లదొరల కాలం నాటి ఆస్టిన్. కొన్నాక అది నడిచిన దూరం కంటే జనం నెట్టిన దూరమే ఎక్కువ. చివరికి డెబ్భై ఎనిమిదిలో ఇంజను దింపి, గోదావరి దాటించి, రామచంద్రపురంలో మెకానిక్కు వీర్రాజుకి అప్పజెప్పాడు. కొత్త పిస్టన్లూ రింగులూ వేసి వీర్రాజు దాన్ని రేవు దాటించే పంటు పడవ మీద వెనక్కి తెచ్చిన రోజు, రేవులో కామేశ్వరరావు గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. గొడుగు ఇంజనుకి.

"జల్లు పడతంది వీర్రాజూ. జలుబు చేసిందంటే?"

"ఇనప ముక్కకి జలుబేంటండీ బాబూ!"

పెరట్లో మూడు కొబ్బరి దుంగలు నిలబెట్టి, పైన గొలుసు కప్పీ కట్టారు. వీధి వీధంతా వచ్చేసింది. గొలుసు కిర్రుకిర్రుమంటూ ఇంజను గాల్లోకి లేస్తుంటే మాణిక్యం ఊపిరి బిగబట్టింది. కిటికీ అద్దం దించి, జుట్టు ఎగిరిపోయేంత జోరుగా రాజమండ్రి వెళ్లాలని ఆవిడ ఆశ.

"ఎడమకండీ! మెల్లిగా! దించండి, దించండి!" అని వీర్రాజు కేకలేశాడు.

ఇంజను తన చోట్లో కూర్చుంది. బోల్టులు బిగించి, వీర్రాజు హేండిల్ తిప్పాడు. కిక్కురుమనలేదు. మళ్లీ తిప్పాడు. తుమ్మింది. ఇంకోసారి బలంకొద్దీ తిప్పేసరికి దడదడమని అందుకుంది! కోళ్లు గోడెక్కాయి. జనం ఈలలేశారు. మాణిక్యం పిల్లలా చప్పట్లు కొట్టింది.

"రాజమండ్రి పోదాం పదండి!"

"రన్నింగ్ ఇన్," అన్నాడు కామేశ్వరరావు. "రింగులు అలవాటు పడేదాకా మెల్లిగా నడపాలి. బాలింతని పరిగెత్తిస్తామా?"

ఆ మాటే వెనకద్దం మీద తెల్ల రంగుతో రాయించాడు. ఇక ఊళ్లో సైకిళ్లు బెల్లు కొట్టి మరీ కారుని దాటిపోయేవి. కొత్తపేటలో మాణిక్యం చెల్లెలి కూతురి పెళ్లికి బయల్దేరి, విస్తళ్లు ఎత్తేసే వేళకి చేరారు. "ఏంటండీ ఇది?" అంటే, "రన్నింగ్ ఇన్" అన్నాడు. పంటలు కోతకొచ్చాయి, మళ్లీ నాట్లూ పడ్డాయి. అద్దం మీద అక్షరాలు మాత్రం చెరగలేదు.

ఒకనాడు ఆయిలు మార్చడానికి వచ్చిన వీర్రాజు ఆ అక్షరాలు చూసి పకపకా నవ్వాడు. "ఇంకా ఇదేంటండీ అక్కయ్యగారూ? అది ఎప్పుడో అయిపోయిందండి. ఇప్పుడిది గుర్రం!"

మాణిక్యానికి ఒళ్లు మండిపోయింది. మర్నాడు పొద్దున్నే కామేశ్వరరావు అమలాపురం బయల్దేరుతుంటే ఆవిడా ఎక్కి కూర్చుంది, దారిలో కడిగేద్దామని.

ఊరి చివర కారు ఆగింది. అక్కడ రిటైరైన దానం మాస్టారు కాలికి కట్టుతో నిలబడి ఉన్నారు. చక్కెర జబ్బుతో పుండు మానక, రోజూ అమలాపురం ఆసుపత్రిలో కట్టు మార్పించుకోవాలి. ఎవరి సాయమూ పుచ్చుకోని పంతం మనిషని ఊరంతటికీ తెలుసు.

"రండి మాస్టారూ," అన్నాడు కామేశ్వరరావు. "వెనక బరువు లేకపోతే రింగులు సరిగ్గా కూర్చోవట్లేదండి."

మాస్టారు గంభీరంగా ఎక్కి చెవి ఒగ్గారు. "నిన్నటికంటే శబ్దం నయమండి. అయినా తొందరపడకండి."

ప్రతి గోతి దగ్గరా కారు చీమలా పాకింది. ముందున్న చిన్న అద్దంలోంచి కామేశ్వరరావు చూస్తున్నది వెనక సీట్లో దిండు మీద పెట్టిన ఆ కాలినని మాణిక్యం కనిపెట్టింది. కడిగేయడం మానేసి, వెనక్కి వంగి జారుతున్న దిండు సర్దింది.

మాస్టారు ఆసుపత్రిలోకి వెళ్లాక, "వీర్రాజు అంతా చెప్పేడు," అంది.

కామేశ్వరరావు దొంగలా చూశాడు. "ఊరికే ఎక్కమంటే ఎక్కరే! చెప్పేస్తావా ఏంటి?"

ఆవిడ జవాబిచ్చేలోపే మాస్టారు వచ్చేశారు. "అమ్మా, ఇంజను కుదుటపడినట్టే ఉంది. రేపటినుంచి నేను రానక్కర్లేదనుకుంటాను."

కామేశ్వరరావు మొహం మాడిపోయింది.

"అయ్యో, అలాగనకండి మాస్టారూ!" అంది మాణిక్యం. "నిన్ననే మెకానిక్కు చూసేడండి. రింగులింకా పచ్చిగానే ఉన్నాయంట. మీరు మానేస్తే మా బండి గతేం కాను?"

"అలాగైతే తప్పుతుందా," అంటూ మాస్టారు ఎక్కారు.

పుండు పూర్తిగా మానాక మాస్టారు వాళ్లింటికి నడిచి వచ్చారు. కిరసనాయిలు గుడ్డతో వెనకద్దం మీద అక్షరాలు తుడిచేసి, "మీ ఇంజను పాసయ్యిందండి," అని ప్రకటించారు.

ఆ పూటే మొగుడూ పెళ్లాలు రాజమండ్రి బయల్దేరారు. కారు నిజంగానే గుర్రం! కొబ్బరి చెట్లు వెనక్కి పరుగెత్తాయి. మాణిక్యం ముడి ఊడిపోయింది. "ఇంకా! ఇంకా పోనివ్వండి!" అని అరిచింది.

పలివెల దాటాక నెత్తిన పెద్ద మూటతో ఒక ముసలమ్మ నడిచి పోతోంది. కామేశ్వరరావు కాలు బ్రేకు మీద పడింది. అతను నోరు తెరిచేలోపే మాణిక్యం కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఎక్కండమ్మా! ఈ బండికి స్ప్రింగులు కొత్తవి. బరువు లేకపోతే పాడైపోతాయి!"

ముసలమ్మ మూట దింపి, జాలిగా కారు వంక చూసింది.

"ఆయ్, అలాగేనమ్మా. బరువే కావాలంటే కాసేపు ఆగండి, వెనకాల మావోళ్లు ఇంకో నలుగురొస్తన్నారు."