గంజి పెట్టిన మొదటి సంచిక

పెద్దపల్లి రైల్వేస్టేషన్‌లో బాపు, అంటే మా నాన్న, చిన్నప్పుడు నాకు కొనిచ్చిన బొమ్మల పుస్తకం అది. ముసుగు వేసుకుని, భుజాల వెనక ఎర్రబట్ట ఎగరేసుకుంటూ ఆకాశంలో తిరిగే వీరుడి కథ, మొట్టమొదటి సంచిక. మగ్గం నేసే మనిషి కదా, బాపుకు కథతో పనిలేదు. "గీ బట్టకు అంచే లేదేందిరా, పోగులు ఊడిపోవా?" అని నన్ను ఏడిపించేవాడు.

ముప్పై ఏళ్లు దాన్ని ఇనప్పెట్టెలో దాచాను. ఈలోగా చేతిమగ్గం మూలపడి, అప్పుల్లో సొంతిల్లు పోయి, బాపు పవర్‌లూమ్ షెడ్డులో కూలికి చేరాడు. ఆ నూలు దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యాయి. హైదరాబాద్ తీసుకెళ్లమన్నాడు డాక్టరు. ఏం పెట్టి తీసుకెళ్లను? అప్పుడే తెలిసింది, ఇలాంటి పాత సంచికల కోసం ఎగబడేవాళ్లు ఉన్నారని. కరీంనగర్‌లో ఉండే ఒకాయన ఫోన్‌లో ఫోటోలు చూసి, వైద్యానికి సరిపోయేంత ఇస్తానన్నారు, ఆదివారం వచ్చి చూస్తానన్నారు. "టేపులు, అతుకులు గిట్ల లేవు కదా?" అని రెండుసార్లు అడిగారు. బాపుకు మాత్రం నేను సగమే చెప్పాను.

"పుస్తకం మంచిగుంటే కొంటడట బాపూ."

శనివారం నేను పనికి పోయాక బాపు పెట్టె తెరిచాడు. అట్ట మడత దగ్గర చిరుగులు కనిపించి ఉంటాయి. గంజి కాచి, వడగట్టి, అటక మీది పాత కుంచె దించాడు. పిన్నులు పీకి, ఒకప్పుడు మగ్గానికెక్కించే పడుగు పోగులకు పట్టించినట్టే ప్రతి పేజీకీ గంజి పట్టించి దండెం మీద ఆరేశాడు. నేను వచ్చేసరికి వాకిట్లో కూర్చుని, ఆయాసపడుతూనే నవ్వుతున్నాడు.

"జర ముట్టి సూడు. ఇగ నూరేండ్లు చిరగది."

ముట్టుకున్నాను. అప్పడంలా పెళపెళమంది. రంగులు కారిపోయి, వీరుడి ఎర్రబట్ట ఆకాశమంతా పాకింది. నాకు కోపం నెత్తికెక్కింది.

"నీ చెయ్యి పడ్డదేదన్న బాగుపడ్డదా? మగ్గం పాయె, ఇల్లు పాయె, గిప్పుడు ఇది గూడ పాయె!"

బాపు చేతులు లుంగీకి తుడుచుకుని లోపలికి పోయాడు.

మర్నాడు వచ్చినాయన పుస్తకాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూశారు. "చినిగినా కొనేటోణ్ని. గంజి పెట్టినంక ఎవలు కొంటరు?" అని మెల్లిగా కింద పెట్టారు. బాపు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోవడం లేదని నాకు తెలుసు.

హైదరాబాద్ పోలేదు. వానాకాలం దాటకుండానే బాపు పోయాడు. ఆ చివరి నెలల్లో నా వస్తువు ఏదీ ముట్టుకోలేదు. మంచినీళ్ల చెంబు పక్కనే ఉన్నా, నేను అందిస్తేనే తాగేవాడు. సిగ్గుతో చచ్చిపోయేవాణ్ని, అయినా తప్పు నాదేనని ఒక్కసారీ నోరు తెరిచి చెప్పలేదు.

అతుకులు ఉండొద్దన్నారని ఆ రోజు ఇంకొక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. పుస్తకం పెట్టెలోనే ఉంది. బాపు చెప్పినట్టే, ఒక్క పేజీ కూడా చిరగలేదు.