షిఫ్టమ్మ లెక్కలో లేని రాత్రి

మా ఆసుపత్రిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. డాక్టర్ల దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ల దాకా అందరికీ షిఫ్టమ్మే. నాకు మాత్రం వదిన. ఆమె భర్త ఇక్కడే లిఫ్టు మెకానిక్కు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన్ని అన్నా అని పిలవడం మొదలుపెట్టాను, దాంతో ఈమె వదిన అయింది. మెయింటెనెన్స్ ఆఫీసులో మా ఇద్దరి బల్లలూ పక్కపక్కనే. ఆఫీసంటే పెద్దగా ఊహించుకోవద్దు. కింద, జనరేటరు గదికి ఆనుకుని, కిటికీ లేని గది. ఎండా వానా తెలియాలంటే ఎవరో ఒకరు తడిసి లోపలికి రావాలి.

నేను స్టోర్సు చూస్తాను. బల్బులు, ఫ్యూజులు, కుళాయి వాషర్లు నా చేతి మీదుగా పోతాయి. వదిన ఫిర్యాదులు చూస్తుంది. ఏ వార్డులో ఏది చెడిపోయినా నర్సు కిందికి ఫోన్ చేస్తుంది. డ్యూటీలో ఉన్నవాడు టైము వేసి కాగితం మీద రాసుకుని పరిగెడతాడు. ఆ కాగితాలన్నీ మర్నాడు వదిన బల్ల మీదికొస్తాయి. ఆమె వాటిని ఎక్సెల్‌లోకి ఎక్కించి, నెలాఖరుకి ఏ షిఫ్టులో ఎన్ని కాల్స్ వచ్చాయో తేల్చి పైకి పంపుతుంది. ఉదయం ఆరు నుంచి రెండు ఒక షిఫ్టు, రెండు నుంచి రాత్రి పది ఇంకొకటి, పది నుంచి తెల్లవారి ఆరు దాకా నైటు. ఏ షిఫ్టుకి ఎంతమంది మనుషులన్నది ఆ అంకెలు చూసే నిర్ణయిస్తారు. మమ్మల్ని చూసి ఎవరూ ఏదీ నిర్ణయించరు, అది వేరే సంగతి.

అన్న ఎప్పుడూ నైటే, తోడుగా ఒక ప్లంబరు. లిఫ్టు తెలిసినవాడు రాత్రి ఉండాలని ఎప్పుడో వేశారు, ఆ తర్వాత తీసేవాడు లేడు. ఉదయం ఆరింటికి డ్యూటీ దిగి, వదిన బస్సు వచ్చేదాకా క్యాంటీన్ వెనక మెట్ల మీద కూర్చుంటాడు. ఇద్దరూ టీ తాగుతారు. ఆయన ఇంటికి, ఆమె లోపలికి. సాయంత్రం ఆమె కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరేసరికి ఆయన అప్పుడే లేచి మొహం కడుక్కుంటూ ఉంటాడు. ఆయనకి మాట్లాడాలనిపించే వేళకి ఈమెకి కళ్లు మూతలు పడతాయి. వాళ్ల కూతురు పసితనంలోనే పగటిపూట మునివేళ్ల మీద నడవడం నేర్చుకుంది. ఇప్పుడు ఆ పిల్ల ఉద్యోగం వెతుక్కుని వేరే ఊరు పోయింది గానీ, సెలవుల్లో వచ్చినా అలాగే నడుస్తుందట.

కిటికీ అద్దాలకి పేపర్లు అంటించుకుని ఎంత పడుకున్నా పగటి నిద్ర నిద్ర కాదు. పక్కింట్లో కుక్కరు కూస్తుంది, వీధిలో ఎవడో గ్యాస్ బండలు దొర్లిస్తాడు. అన్నకి బీపీ పట్టుకుంది. రాత్రి డ్యూటీ మానకపోతే మందులు దండగని ఇక్కడి డాక్టరే చెప్పాడు. పగటి షిఫ్టు ఇప్పించమని అన్న అడిగినప్పుడల్లా పైవాళ్లు "చూద్దాం" అన్నారు. ఆ చూద్దాం ఉంది చూశారూ, దానంత బద్ధకపు మాట ఇంకొకటి లేదు.

అలాంటిది ఈ మధ్య కొత్త మేనేజరు వచ్చాడు. మనుషులు ఎక్కువయ్యారు, తగ్గించాలి అన్నది ఆయన రోజూ పఠించే మంత్రం. ఓ మధ్యాహ్నం వదిన పంపిన అంకెలు చేత్తో పట్టుకుని మా గదిలోకి దిగాడు.

"నైట్‌లో కాల్సే లేవు కదమ్మా. ఇద్దరెందుకు? వచ్చే నెల నుంచి ప్లంబరొక్కడు చాలు. లిఫ్టు ఆగితే చేత్తో దించడం అతనికి నేర్పించండి. మీ ఆయన్ని పగటికి మార్చేద్దాం. వివరంగా ఒక రిపోర్టు చేసివ్వండి, ఆర్డరు తీయిస్తాను."

ఆయన మెట్లెక్కి వెళ్లిపోయాక వదిన కుర్చీలో కూలబడి, నా వైపు తిరిగి, "నువ్వు కూడా విన్నావుగా?" అంది. ఆ సాయంత్రం ఇంటికెళ్తూ మంచం మొత్తానికీ సరిపోయే పెద్ద దుప్పటి కొంది. అంతకుముందు వాళ్లింట్లో అన్నీ ఒంటరి దుప్పట్లేనట, ఆ సంగతి ఆమే చెప్పి సిగ్గుపడింది. ఈ వయసులో సిగ్గేమిటి వదినా అని ఆటపట్టిస్తే పెన్ను పుచ్చుకుని కొట్టొచ్చింది.

రిపోర్టు పని మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టింది. కాసేపటికి టకటకలాడే కీబోర్డు ఆగిపోయింది. నేను ఫ్యూజులు లెక్క పెట్టుకుంటున్నాను. చాలాసేపు చప్పుడు లేకపోతే తలెత్తి చూశాను. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, స్క్రీన్ వైపు అలాగే చూస్తోంది.

"ఏమైంది వదినా?"

"మొత్తం కుదరడం లేదు. మూడు షిఫ్టులూ కలిపితే ఒక అంకె వస్తోంది. ఉన్న వరుసలు చూస్తే ఇంకా బోలెడున్నాయి. ఆ మిగిలినవి ఏ షిఫ్టులోనూ లేవు."

"కంప్యూటరు కదా, దానికీ ఒక్కోసారి మతిపోతుంది."

"కంప్యూటరుకి కాదు, నాకు పోయింది," అంది.

సంగతి ఇదీ. ఇదివరకు ఆమె కాగితాల మీద గీతలు పెట్టి లెక్కేసేది. ఎక్సెల్ వచ్చాక కౌంట్ ఇఫ్స్ అనే ఫార్ములా నేర్చుకుంది. ఇంత టైము దాటినవి, ఇంత టైములోపువి అని రెండు షరతులు పెడితే రెండూ కుదిరిన కాల్స్ లెక్కిస్తుంది. పగటి షిఫ్టులకి చక్కగా పనిచేసింది. నైట్‌కి రాత్రి పది దాటినవి, పొద్దున్న ఆరులోపువి అని పెడితే సున్నా వచ్చింది. రాదు మరి. రెండు షరతులూ ఒకే కాల్‌కి వర్తించాలి. ఫార్ములా లెక్కన రాత్రి పదకొండుకి వచ్చిన కాల్ పొద్దున్న ఆరులోపుది కాదు, తెల్లవారుజాము రెండుకి వచ్చింది రాత్రి పది దాటినది కాదు. గడియారం పన్నెండు దగ్గర మళ్లీ మొదటికొస్తుందని ఫార్ములాకి ఎవరు చెప్పాలి? ఆ రోజుల్లో ఆమెకీ తట్టలేదు. పైగా ఇంటికెళ్లే వేళ. ఆరు తీసేసి పదకొండు యాభై తొమ్మిది పెట్టి చూసింది. అంకె వచ్చింది. హమ్మయ్య అనుకుని బస్సుకి పరిగెత్తింది.

అప్పట్నుంచీ నైట్ అంటే ఆ షీట్‌లో పది నుంచి పన్నెండు దాకానే. ఆ రెండు గంటలూ ఆసుపత్రి మొత్తమ్మీద ప్రశాంతమైన వేళ, రోగులు అప్పుడే కన్నంటుకుని ఉంటారు. అసలు బాధంతా ఆ తర్వాతే. కుళాయిలు కారేదీ, పొద్దుటి ఆపరేషన్ల కోసం స్ట్రెచర్లు ఎక్కిస్తే లిఫ్టులు మొరాయించేదీ అప్పుడే. అవన్నీ ఆమే టైపు చేసింది. ఏదీ లెక్కలోకి రాలేదు. మూడు షిఫ్టుల మొత్తం చూపే వరుస ఉండాల్సిన రిపోర్టు ఇంతవరకూ ఎవరూ అడగలేదు కాబట్టి తెలియలేదు.

దిద్దడానికి ఎంతోసేపు పట్టలేదు. పది దాటినవి విడిగా, ఆరులోపువి విడిగా లెక్కించి రెండూ కలిపింది. నైట్ అంకె ఒక్కసారిగా ఉబ్బి, పగటి షిఫ్టులు రెండిటినీ మించిపోయింది. మొత్తం సరిపోయింది. సరిపోయినందుకు ఆమె మొహం మాడిపోయింది.

నేను లేచి తలుపు దగ్గరకి వేశాను.

"వదినా, ఎవరడిగారు నిన్ను? ఆ మొత్తం చూపే వరుస తీసెయ్యి. పాత అంకెలే పంపు."

"పంపితే?"

"పంపితే అన్న ఇంటికొస్తాడు. ఇంకేం కావాలి? ఇన్నేళ్లు ఆయన చేసిన చాకిరీకి ఈ ఆసుపత్రి ఏం ఒరగబెట్టింది? ఒక్కసారి తప్పు మనవైపు పడింది, పడనీ."

ఆమె మౌస్ పట్టుకుని ఆ అంకె మీదికి వెళ్లడం, వెనక్కి రావడం, అంతే. నేను ఇంకో నాలుగు మాటలు అని ఒప్పించేవాణ్ణే. సరిగ్గా అప్పుడే నైట్ ప్లంబరు తలుపు తోసుకుని వచ్చాడు. మోకాళ్ల నొప్పుల మనిషి, డ్యూటీ దిగాక కూడా వాషర్లు పట్టుకెళ్లడానికి ఆగాడు. ప్యాంటు మోకాళ్ల దాకా తడి.

"అక్కా, నన్నొక్కణ్ణే ఉంచుతారంట కదా రాత్రుళ్లు," అన్నాడు స్టూలు మీద కూలబడుతూ. "రాత్రి చూడు, మూడో అంతస్తులో పైపు ఊడి నీళ్లు వార్డులోకి పోతున్నాయి. అప్పుడే స్ట్రెచరుతో సహా లిఫ్టు మధ్యలో ఆగింది. లోపల పెద్దావిడ, ఊపిరాడట్లేదంటోంది. అన్న అటు, నేను ఇటు. ఒక్కణ్ణే ఉంటే ఏది వదిలెయ్యాలి? నాకేం అర్థం కావట్లేదక్కా."

వదిన ఆ పెద్దావిడ ఎలా ఉందని అడిగింది. దింపేశారు, బానే ఉందన్నాడు. వాషర్లు జేబులో వేసుకుని కుంటుకుంటూ పోయాడు. వాడి మీద నాకు ఒళ్లు మండిపోయింది. రావడానికి ఇంకో అరగంట ఆగలేడా?

వదిన ప్రింటు తీసుకుని పైకి వెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను, ఎందుకో నాకూ తెలియదు. మేనేజరు కాగితం చూసి, పాత కాగితం పక్కన పెట్టి, మళ్లీ చూశాడు.

"ఇదేంటమ్మా? మొన్న ఒకటి చెప్పారు, ఇవాళ ఇంకొకటి."

"పొరపాటు నాదే సార్. పన్నెండు తర్వాతవి లెక్కలో పడలేదు."

"ముందే చూసుకోవద్దా? ఇప్పుడు నేను మీటింగ్‌లో ఏం చెప్పాలి?" కాసేపు కణత నొక్కుకున్నాడు. చెడ్డవాడేమీ కాదు, అతనికీ పైన ఎవడో ఉన్నాడు. "సరే. నైట్ తగ్గించడం కుదరదు. ఇద్దరూ ఉండాల్సిందే. లిఫ్టు కాల్సే ఇన్నుంటే మీ ఆయన్ని అసలు కదపలేం."

"వారం వారం మార్చి వేయొచ్చు కద సార్. ఆయనకి ఆరోగ్యం..."

"చూద్దాం."

మెట్లు దిగుతూ ఆమె రెండుసార్లు ఆగింది. కాళ్ల నొప్పులేమో అనుకున్నాను. ఆ సాయంత్రం ఇంట్లో చెప్పలేకపోయిందట. ఆయన డ్యూటీకి బయల్దేరుతుంటే నోటిదాకా వచ్చిన మాట మింగేసింది.

మర్నాడు ఉదయం మెట్ల దగ్గర ముగ్గురం టీ తాగుతున్నాం. అన్న కళ్లు ఎర్రగా ఉన్నాయి, గడ్డం మాసింది. నేను లేచి పోబోతే వదిన, "నువ్వుండు," అని నన్ను ఆపింది. తర్వాత ఆయన వైపు తిరగకుండానే చెప్పేసింది. ఫార్ములా, పన్నెండు, మేనేజరు, మళ్లీ నైటే.

"తప్పు అంకెలు పంపింది నేనేనండి," అంది చివర్లో. "మీ కష్టం ఇన్నాళ్లూ లెక్కలో లేకుండా చేసిందీ నేనే."

అన్న గ్లాసు కింద పెట్టాడు.

"నాకు తెలుసే."

"ఏం తెలుసు?"

"అంకెలు తప్పని. నైట్‌లో కాల్సే లేవని మేనేజరు అన్నాడని నువ్వు ఇంటికొచ్చి గంతులేస్తూ చెప్పావే, అప్పుడే తెలిసింది. పరిగెత్తింది నేను కదా, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

వదిన ఆయన వంక చూసింది. నేనూ నోరెళ్లబెట్టాను.

"తెలిసీ ఊరుకున్నారా?"

"ఊరుకున్నా." ఆయన చేతులు చూసుకున్నాడు, గోళ్ల సందుల్లో గ్రీజు. "ఆ ప్లంబరు ఒక్కడే అయిపోతాడనీ తెలుసు. అయినా ఊరుకున్నా. ఒక్క రాత్రైనా చీకట్లో, నీ పక్కన, తెల్లారేదాకా నిద్రపోవాలనిపించింది. అంతేనే."

"నాతో ఒక్క మాట అనొచ్చు కదండీ," అంది.

"అంటే నువ్వు దిద్దేస్తావుగా," అన్నాడు అన్న.

ఆ మాటలో కోపం లేదు, అదే నాకు భరించడం కష్టమైంది. వదిన ఆయన భుజానికి తల ఆనించింది, అందరూ వచ్చిపోయే చోట, పట్టపగలు. చుట్టూ చూస్తున్నారని కూడా అనుకోలేదు. నేను గ్లాసులు తీసుకుని కడగడానికని లోపలికి పోయాను. తిరిగి వచ్చేసరికి ఆయన ఆమె భుజం మీదే తల వాల్చి, కూర్చున్నచోటే నిద్రపోతున్నాడు. ఆఫీసు టైము దాటిపోయింది. వదిన కదల్లేదు, నన్నూ మాట్లాడొద్దన్నట్టు పెదాల మీద వేలు పెట్టుకుంది.