చిలకపచ్చ చీర బొమ్మ

ఒక మనిషి తన పరువును తానే మూడంతస్తుల మిద్దె మీదికి మోసుకెళ్లి, పిట్టగోడ మీద నుంచి వీధిలోకి పారేసుకోవడం మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే కాస్త కూర్చోండి. పారేసుకున్నవాణ్ణి నేనే. ఆ చప్పుడు తిరుపతిలో పుట్టి చిత్తూరు దాకా వినిపించింది.

అప్పుడు నా వయసు అరవై ఆరు. ఇప్పుడు అరవై తొమ్మిది. ఆనాటి ఆ కుర్రాడి చేష్టలు తలుచుకుంటే ఈనాటి పెద్దమనిషికి సిగ్గేస్తుంది.

సర్వే ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు పటాలు గీశాను. ఊళ్లనూ చెరువులనూ కొలిచి, కుదించి, కాగితం మీద కూర్చోబెట్టడం నా పని. రోజూ డైరీ రాస్తాను. కూర మాడినా తేదీ వేసి రాస్తాను. ఇంత పద్ధతైన మనిషి పొరపాటు చేయడని మీరనుకోవచ్చు. చేస్తాడండీ. అది కూడా పద్ధతిగా, మెట్టు తర్వాత మెట్టు, ఒక్కటీ వదలకుండా చేస్తాడు.

నా భార్య సుగుణ పోయి అప్పటికి రెండేళ్లు దాటింది. దసరా వస్తే మా ఇంట్లో బొమ్మల కొలువు ఆమె రాజ్యం. ఆమె చెల్లెలు ఇందిర చిత్తూరు నుంచి వారం ముందే దిగేది. అక్కాచెల్లెళ్లు బొమ్మలకు చీరలు కట్టడంలో పడితే ఇంట్లో ఉన్న ఒకే ఒక ప్రాణమున్న బొమ్మకు, అంటే నాకు, కాఫీ పుట్టేది కాదు. సుగుణ పోయిన ఏడు కొలువు పెట్టలేదు, అది ఆనవాయితీ. మరుసటి ఏడు బొమ్మల పెట్టె దించుదామని ఇందిర వచ్చింది. “ఎందుకులే, ఎవురు సూసేదానికి?” అనేసి నేను పెట్టెను అటక మీద ఇంకా లోపలికి తోసేశాను. “నన్నొక మాట అడిగినావా బావా? అవి నీ ఒక్కడి బొమ్మలా?” అని ఆమె ఆ పూటే బస్సెక్కింది. మళ్లీ రాలేదు. ఫోనులో “బాగుండావా”, “బాగుండాను” తప్ప మూడో మాట లేదు. సుగుణ గురించి కూర్చుని మాట్లాడుకోవడానికి ఈ భూమ్మీద నాకు మిగిలింది ఆ ఒక్క మనిషి. ఆమెనూ పోగొట్టుకుని కూర్చున్నాను.

అలాంటి ఖాళీలో నా ఫోనులోకి టిల్ట్ షిఫ్ట్ అనే విద్య వచ్చి పడింది. సంగతి చాలా చిన్నది. ఎత్తు మీద నుంచి తీసిన ఫొటోలో నడుమ ఒక పట్టీ మాత్రం స్పష్టంగా ఉంచి, పైనా కిందా మసక చేయాలి. రంగులు కాస్త చిక్కబరచాలి. మొహాలు నున్నగా చేసే మీట కూడా నొక్కితే ఇక చెప్పనక్కర్లేదు. నిజం మనుషులు, నిజం బస్సులు బల్ల మీద పేర్చిన బొమ్మల్లా కనిపిస్తాయి. ముప్పై నాలుగేళ్లు కొలత గొలుసులు ఈడ్చి నేను చేసిన పనిని ఫోను ఒక్క వేలితో చేసింది.

పిచ్చివాడి చేతిలో రాయి అంటారు. ముసలివాడి చేతిలో ఫోను అంతకన్నా చెడ్డది. రాయి ఒక్కసారే విసురుతాడు. తిరుమల మెట్లదారిలో గాలిగోపురం దాకా ఎక్కి, తిరుపతి మొత్తాన్నీ అట్లకాడతో ఎత్తి పక్కన పెట్టేంత చేశాను. ఘాట్ రోడ్డు బస్సును అగ్గిపెట్టె చేశాను. రైల్వే స్టేషన్లో జనాన్ని గుగ్గిళ్లు చల్లినట్టు చల్లాను.

నవరాత్రుల మొదటి రోజు, సోమవారం పొద్దున, పాత ఫొటోలు వెతుకుతుంటే ఒకటి దొరికింది. నాలుగేళ్ల కిందట మా మిద్దె మీద నుంచి వీధిని తీసినది. కింద కూరగాయల బండి. బండి పక్కన చిలకపచ్చ చీరలో, సంకలో బుట్టతో సుగుణ. కొంచెం ఇవతల మా ఎదురింటి మునిరత్నం, లుంగీ పైకి కట్టి, స్కూటరుకు ఆనుకుని వీపు గోక్కుంటున్నాడు.

పట్టీని సరిగ్గా సుగుణ మీద ఉంచాను. మీటలన్నీ నొక్కాను. బొటనవేలంత సుగుణ. చేయి చాపి తీసుకుని చొక్కా జేబులో వేసుకోవచ్చనిపించింది. చాలాసేపు చూశాను. ఆ రోజు డైరీలో ‘ఫొటో బాగా వచ్చింది’ అని మాత్రమే ఉంది.

దాన్ని మా వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. జీవితంలో మొదటిసారి కింద తేదీ, వివరం రాయలేదు. జారడం అక్కడ మొదలైంది.

మొదటి జవాబు వీధి చివరింటి ప్రమీలమ్మది. దసరా పేరంటాలకు మా వీధి ఆడవాళ్లందరికీ ఆమే నాయకురాలు. “అన్నా! ఈసారి కొలువులో మన ఈదినే పెట్టినారా! బండి, స్కూటరు, సుగుణక్క... ప్రాణం వచ్చినట్టుండాది. ఎన్ని దినాలు పట్టింది?”

నిజం చెప్పడానికి ఒక్క వేలు చాలు. ఆ వేలే నన్ను ముంచింది. ‘రెండు నెలలు’ అని కొట్టింది.

అరగంటలో మునిరత్నం స్వయంగా వచ్చాడు.

“ఏమబ్బా సారూ, నన్ను కూడా బొమ్మ సేసినావే!”

“బాగుండాదా?”

“బాగుండేది సరే, పొట్ట ఏంది అంత పెట్టినావు? బాన అతికించినట్టుండాది.”

“ఉండేదే పెట్టినాను.”

“యాడుండాది? సూడు!” అని ఊపిరి బిగబట్టి లోపలికి లాక్కున్నాడు. “ఇంత లేదు నాకు. ఒక పని సెయ్యి. బొమ్మను ఇట్లా తే. గరుకు కాయితం పెట్టి రెండు రుద్దులు రుద్దతాను.”

“ఇప్పుడు తాకకూడదు. రంగు ఆరలా.”

“సరే, ఆ వీపు గోక్కునేదైనా ఎందుకప్పా? సేతిలో ఒక పేపరు పెట్టింటే ఎంత మరేదగా ఉండేది!”

మాట పూర్తికాకముందే ఫోను మోగింది. ప్రమీలమ్మ ఆజ్ఞ: “శుక్రవారం సాయంత్రం అందరమూ మీ ఇంటికే వస్తాము. గుగ్గిళ్లు మేమే తెస్తాము, మీరు కష్టపడబాకండి.”

ఇంతవరకు పరవాలేదు. జ్వరమని పడుకుంటే సరిపోయేది. మధ్యాహ్నం ఇందిర ఫోను చేసింది. ప్రమీలమ్మ ఆమెకూ పంపిందట.

“బావా.” ఆ గొంతులో ‘బాగుండావా’ లేదు. “అక్క బొమ్మ సేసినారంట. సూసినాను. ఆ సీర మా నాయన తీసిచ్చిందే కదా. మెడ అట్లా పక్కకి వాల్సేది కూడా సరిగ్గా వచ్చిందే. ఎవురు సేసినారు?”

చెప్పాల్సిన క్షణం అదే. కానీ ఏడాది తర్వాత ఆ గొంతు నాతో మామూలుగా మాట్లాడుతోంది.

“నేనే,” అన్నాను.

“నీ సేత్తోనా?” అంది. “శుక్కురారం వస్తాను. ఒక్కసారి సేతిలో పట్టుకోని సూస్తాను. అంతవరకు ఎవురినీ తాకనీయబాక.”

ఆమె వస్తుంది. వచ్చి, బొమ్మ లేదని తెలిస్తే, ఇక ఈ గడప తొక్కదు. అందుకని వీధిని నిజంగానే తయారు చేయాలని తీర్మానించుకున్నాను. నాలుగు రోజుల్లో.

లెక్కల్లో ఒక్క గీత కూడా తప్పలేదని మనవి. తప్పంతా జిగురుది. అట్టపెట్టెలతో కట్టిన మా ఇల్లు పక్కింటి భుజం మీద తల వాల్చింది. కరెంటు స్తంభాలు కల్లు తాగి వచ్చినట్టు నిలబడ్డాయి. మునిరత్నం ఇల్లు మూడుసార్లు కూలింది. ఆయన అసలు ఇల్లు కట్టేటప్పుడు కూడా ఇంత ఏడ్చి ఉండడు.

గురువారం బొమ్మ కోసం గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒక అంగడికి వెళ్లాను.

“కూరగాయలు బేరమాడే ఆడమనిషి బొమ్మ ఉండాదా అప్పా?”

“లచ్చిమి ఉండాది, ఆండాళు ఉండాది. వాళ్లు యాడ బేరమాడతారు సార్?”

“దేవుళ్లు కాదు. మామూలు మనిషి. సన్నంగా, సంకలో బుట్టతో.”

“మామూలు మనుసులంటే అంగడి శెట్టి దంపతులే సార్. ఆడామె సీర కూడా పచ్చనే.”

“ఆమె ఒక్కటే సాలు.”

“జతను ఇడదీయకూడదు సార్,” అన్నాడాయన, చాలా మామూలుగా, కాగితం చుడుతూ.

ఇద్దరినీ తెచ్చుకున్నాను.

శెట్టెమ్మ బాసింపట్టు వేసుకుని, ముందర బియ్యం రాశి పోసుకుని, కుండలాంటి బుగ్గలతో కూర్చుని ఉంది. సుగుణ సన్నటి మనిషి. చీర మీద చిలకపచ్చ రంగు పూశాను. రంగు కారి ముక్కు మీదా పడింది. తుడవబోతే మీసంలా పరుచుకుంది. వెర్రి వెయ్యి విధాలంటారు. వెయ్యిన్నొకటోది ఆ రోజు మా బల్ల మీద ఆరుతూ ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం ఇందిర దిగింది. చెప్పులు విడుస్తూనే సంచిలోంచి అరచేయంత పొట్లం తీసింది. లోపల బుజ్జి చీర, చిలకపచ్చది, సన్నటి జరీ అంచుతో.

“అక్క గుర్తుకని నాకిచ్చిన సీర ఉండాది కదా బావా. కొంగు కొస కోసి కుట్టినాను. బొమ్మకు నిజం సీర కడదామని.”

నేను హాలు తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

“అక్క యాడ?”

హాల్లో బల్ల చూపించాను. వంగి చూసింది. అటు నుంచి చూసింది, ఇటు నుంచి చూసింది.

“ఇదేంది?”

“మన ఈది.”

“తుపాను వచ్చిపోయినాకనా?” అంది. శెట్టెమ్మను ఎత్తి వెలుతురులో పట్టుకుంది. “బావా, మా అక్క ఇంత లావు ఎప్పుడుండింది? ముందర ఈ బియ్యం ఏంది? అంగడి ఎప్పుడు పెట్టింది? మీసం ఎప్పుడొచ్చింది?”

తేలు కుట్టిన దొంగ కిక్కురుమనడు. మరదలు కుట్టిన దొంగ మొత్తం కక్కేస్తాడు. ఫొటో సంగతి, మసక సంగతి, రెండు నెలల అబద్ధం, అన్నీ వరుసగా చెప్పేశాను.

ఆమె నవ్వలేదు, అరవలేదు. చేతిలోని బుజ్జి చీరను మడత విప్పి, మళ్లీ మడత పెట్టింది.

“అయితే బొమ్మ యాడా లేదా?”

“లేదు.”

“సీర కోసేసినానే బావా.”

ఈ ఒక్క మాట ఆ రోజు డైరీలో లేదు. రాయడానికి చేయి రాలేదు.

చీరను పొట్లంలో పెట్టి ఆమే అంది. “ఆ ఫొటో సూపించు. నువ్వు గెలికింది కాదు, అసలుది.”

అసలు ఫొటో తీసి ఇచ్చాను. రెండు వేళ్లతో పెద్దది చేసింది. మీట నొక్కి నేను నున్నగా చేసేసిన మొహం అక్కడ ఉన్నదున్నట్టు ఉంది. సుగుణ మెడ వాల్చింది సొగసుకు కాదు. తలెత్తి మిద్దె మీదికి, నా వైపు, చూస్తోంది. నోరు తెరిచి ఉంది. బుట్ట లేని చేయి పైకి లేచి ఉంది.

“ఏమంటా ఉండాది ఈమె?”

గుర్తొచ్చింది. “‘ఎండలో ఏం సేస్తా ఉండావు, దిగిరా’ అని.”

“నిన్ను తిడతా ఉండాది బావా!” ఇందిరకు నవ్వు తన్నుకొచ్చింది. “అంత సక్కని తిట్టును తుడిసేసి బొమ్మ సేసినావే! నీకు బుద్ధి ఉండాదా?” నవ్వుతూనే కళ్లు ఒత్తుకుంది. నేనూ అదే పనిలో పడ్డాను. ఎవరు ముందు ఆపారో చెప్పలేను.

తర్వాత లేచి కొంగు దోపుకుంది. “పెట్టె దించు.”

“ఇప్పుడా? అయిదు దినాలు అయిపోయినాయి. సాయంత్రం అందరూ వచ్చేస్తారు.”

“లెక్కలు నీకు గాని అమ్మవారికి ఎందుకు? నువ్వు నిచ్చెన ఎక్కు. నేను కింద నిలబడి తిడతాను.”

అలాగే జరిగింది. తొమ్మిది మెట్లు పెట్టే చోట అయిదే పెట్టాం. పై మెట్టు మీద ఎర్రచందనం రాజారాణి కొలువుదీరారు. ఏటా ఒక కొత్త బొమ్మ చేరాలి కదా అని, శెట్టెమ్మ మీసం కిరసనాయిలుతో తుడిచి, ఆమెకే ఆ బుజ్జి చీర చుట్టి, శెట్టి పక్కన కూర్చోబెట్టింది ఇందిర.

సాయంత్రం ప్రమీలమ్మ సైన్యంతో వచ్చింది. కొలువు చూశారు, పాట పాడారు, చుట్టూ వెతికారు.

“ఈది యాడన్నా?”

ఇందిర తడుముకోకుండా అందుకుంది. “ఇంట్లో పట్టలేదక్కా. మిద్దె మీద పెట్టినాడు మా బావ. రండి.”

అందరూ ఆయాసపడుతూ ఎక్కారు. ఖాళీ మిద్దె. ఇందిర పిట్టగోడ దగ్గరికి తీసుకెళ్లి కిందికి చూపించింది.

“ఇది మన ఈదే కదమ్మే?” అంది ప్రమీలమ్మ.

“కొలతలో ఒక్క అంగుళం తేడా లేదు,” అని చేతులు కట్టుకుని జరిగిందంతా చెప్పేశాను.

“రెండు నెలలు పట్టిందంటిరే!”

ఆ సమయానికి కింద మునిరత్నం బయటికొచ్చి స్కూటరుకు ఆనుకున్నాడు. చేయి వీపు మీదికి పోతూ ఉంది. తలెత్తి చూశాడు. పిట్టగోడ పొడవునా ఆడవాళ్ల తలలు. చటుక్కున పొట్ట లోపలికి లాక్కుని, స్కూటరు మీది పేపరు తీసి తలకిందులుగా పట్టుకున్నాడు.

“సూడండక్కా, ఈ బొమ్మ అదే సర్దుకుంటా ఉండాది!” అంది ఇందిర. ఆ నవ్వులు ఏడుకొండలకూ వినిపించి ఉంటాయి. ఆ రోజు నుంచి మా వీధిలో నా పేరు ‘రెండునెలల సారు’.

అందరూ దిగిపోయాక ఇందిర పిట్టగోడ దగ్గరే నిలబడింది. “అక్క ఆడే కదా నిలబడింది?”

“ఆడే.”

బండి ఆ పూట రాలేదు. ఇద్దరమూ ఆ ఖాళీ చోటునే చూస్తూ నిలబడ్డాం.

కాబట్టి పాఠకులారా, మా వీధిలోని సమస్త మాతృమూర్తుల సాక్షిగా, శెట్టి దంపతుల సాక్షిగా, నేను చేస్తున్న ప్రమాణం ఇది. ఇకమీదట ఏ మనిషినీ, బస్సునూ, రైలునూ కుదించను. ఉన్నవాళ్లు వాళ్ల పొట్టలతో సహా ఉన్నంత ఉంటారు. పోయినవాళ్లు నిలువెత్తునే ఉంటారు. ముఖ్యంగా, తిడుతున్న మనిషి నోటి మీద మసక పూయను, పూయను, పూయను.

దీన్ని మిద్దె మీద కూర్చుని రాస్తున్నాను. మళ్లీ దసరా. ఇందిర వారం ముందే వచ్చింది, నాకు కాఫీ పుట్టడం లేదు. ఇప్పుడే కింద నుంచి అరుస్తోంది, “బావా, ఎండలో ఏం సేస్తా ఉండావు, దిగిరా!”

అక్కాచెల్లెళ్ల గొంతు ఒకటే. వినబడనట్టు కూర్చున్నాను. ఇంకొకసారి పిలవనీ.