దామోదర్ పెంచిన సాల్మన్ చేపలు

వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్‌కి మూడు గంటల దూరాన, ఎప్పుడు చూసినా వాన కురిసే లోయలో చేపపిల్లల్ని పుట్టించి పెంచే హేచరీ ఒకటి ఉండేది. అక్కడ తెలుగు మాట్లాడే మనిషి దామోదర్ ఒక్కడే. వినేవాళ్లు మాత్రం నలభై మంది. అందరూ సాల్మన్ చేపలే.

కైకలూరు నుంచి ఫిషరీస్ చదవడానికి 1979లో వచ్చి, చదువయ్యాక అక్కడే ఉద్యోగంలో కుదురుకున్నాడు. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి పక్క వాగుకి తిరిగొచ్చే సాల్మన్లు ఏటేటా తగ్గిపోతున్నాయి. వాటి పిల్లల్ని సముద్రానికి పోనివ్వకుండా తొట్టెల్లోనే మూడేళ్లు పెంచి వాగులో వదిలితే, తమంతట తాము జతకట్టి గుడ్లు పెడతాయా? అదీ ప్రయోగం. పెట్టకపోతే ఆ వాగు గతి అంతే.

మూడేళ్లూ మేత వేసింది దామోదరే. తొట్టె పక్కన చెక్క మీద బూటుతో తట్టి, "రండర్రా, అన్నాలు తిందురుగాని" అని పిలిచేవాడు. పరుగున వచ్చేవి. ఆదివారాల్లో న్యూజెర్సీ నుంచి స్నేహితుడు జగన్మోహన్ ఫోన్ చేసేవాడు.

"ఒరేయ్, ఆ కంపులో ఏముందిరా? ప్లెయిన్స్‌బరో వచ్చెయ్, ఇక్కడ మనవాళ్లున్నారు."

"నా వాళ్లు ఇక్కడున్నార్లేరా" అని నవ్వేసేవాడు దామోదర్. ఫోన్ పెట్టేశాక మాత్రం తన దగ్గు తనకే గట్టిగా వినిపించేది.

1986 నవంబర్‌లో చేపల్ని వాగులో కంచె కట్టిన పాయలోకి వదిలారు. ఒడ్డున చెక్కగదిలో, కిటికీ అద్దం వెనక కూర్చుని చూసింది చూసినట్టు రాయడం దామోదర్ పని. నాలుగో రోజు పొద్దున ఒక ఆడచేప తోకతో గులకరాళ్లు చిమ్మి గుంత తవ్వింది. మగచేప దాని పక్కన ఆనుకుని ఒళ్లు వణికించింది. ఆడచేప గుంతలోకి దిగి, గుడ్లు వదలబోయే ముందు తెరిచినట్టే నోరు తెరిచింది. ఇంకొక్క క్షణం! దామోదర్ ఉండబట్టలేక లేచి, అద్దం దగ్గరికి రెండడుగులు వేశాడు. చెక్కనేల టకటకలాడింది.

మగచేప ఉన్నపళంగా ఆడచేపను వదిలేసి, నేరుగా అద్దం కిందికి వచ్చి తలెత్తింది. గుడ్ల కాలంలో సాల్మన్ మేత ముట్టదు. ఆకలై రాలేదు, అలవాటై వచ్చింది. ఆడచేప కాసేపు ఆగి, గుంత వదిలి వెళ్లిపోయింది. దామోదర్‌కి ఏడుపొచ్చింది.

కారణం తెలియలేదని రాసేయొచ్చు. చూసినవాళ్లెవరూ లేరు. అతను మాత్రం ఇలా రాశాడు: "నా అడుగులు విని వచ్చింది. పెంచింది నేనే. ఇకమీద నేను ఇక్కడ కూర్చోకూడదు."

పై అధికారి హెరాల్డ్ అది చదివి, బూట్లు విప్పేసి తనే మేజోళ్లతో వెళ్లి ఆ గదిలో కూర్చున్నాడు. దామోదర్ హేచరీలో ట్రేలు కడుగుతూ, పాయ వైపు దారే తొక్కలేదు. ఆ తర్వాత ఆరు రోజులు అతను నోరు తెరిచి ఒక్క తెలుగు మాట మాట్లాడలేదు. ఎవరితో మాట్లాడతాడు?

ఏడో రోజు హెరాల్డ్ వానలో తడుస్తూ వచ్చాడు. "ఆడచేప గుడ్లు పెట్టేసింది! జతకట్టింది నీ మగచేపే. పక్క నుంచి కదల్లేదు."

దామోదర్ ట్రే కింద పెట్టేశాడు. "ఒక్కసారి చూసొస్తాను. దూరం నుంచే."

"నీ నీడ చూసినా వచ్చేస్తాయి. ఇంకా ఆరు ఆడచేపలు మిగిలున్నాయి."

"అవి అయ్యేదాకా ఎన్నాళ్లు?"

"రెండు వారాలు."

గుడ్లు పెట్టడం అయ్యాక ఆడదైనా మగదైనా సాల్మన్ రెండు వారాలు బతకదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"సరే, రానులెండి" అన్నాడు దామోదర్.