మందు పేరును ఆనుకున్న లైను

గలగల, గలగల. కళ్లంలో ఎండుమిర్చిని ఎవరో కాళ్లతో తిప్పుతున్నారు. ఎండెక్కిన కాయల్లో గింజలు చిన్న వానలా మోగుతున్నాయి. ఆ వాన పక్కనే, రేకుల నీడలో, నులక మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని శోభ కూర్చుంది. మరిపెడ దగ్గరి తండాలో పుట్టి, జనగామలో డిగ్రీ చదివి, అక్కడి ఓ చిన్న ఆఫీసుకు ఇంటి నుంచే వెబ్ పేజీలు చేస్తుంది.

ఆ రోజు పేజీ మిర్చి రైతులది. నలభై పురుగుమందులు. ఒక్కో మందు పేరు కింద మూడేసి లైన్లు. మొదటిదే ముఖ్యం: మందు కొట్టాక ఎన్ని రోజులు కాయ కోయకూడదో అందులో ఉంటుంది. రైతు కన్ను ముందు దాని మీదే పడాలి. పదకొండు గంటలకు మరిపెడలో రైతు సంఘం వాళ్లు చూస్తారు. నచ్చకపోతే పని హైదరాబాద్ వాళ్లకు పోతుంది.

ఆఫీసు నడిపే నితిన్ ఫోన్ చేశాడు. "నలభై లైన్లు ఒక్కొక్కటి పట్టుకొని రంగేస్తవా శోభా? ఎట్లయితది?"

"ఒక్కదాన్ని సుత ముట్టనన్నా. పక్కన ఎవరున్నరో చూసి చెప్త, అంతే."

ఒకే పెట్టెలో వరుసగా ఉన్న పేరూ లైన్లూ తోబుట్టువులు. ఫలానా దాని తర్వాత వచ్చేదానికి ఈ రంగు అని, పేజీ రూపాన్ని దిద్దే సీఎస్‌ఎస్‌ భాషలో ఒక్కసారి రాస్తే నలభై చోట్లా వింటాయి. మొదట అలలాంటి గుర్తు పెట్టింది. పేరు తర్వాతి తోబుట్టువులన్నీ ఎర్రబడ్డాయి. నాలుక కరుచుకుని, అల తీసి ప్లస్ పెట్టింది. ఈసారి పేరును ఆనుకున్న ఒక్క లైనే ఎరుపెక్కింది.

"బాపూ, జర చూడు."

మిర్చి తిప్పుతున్న తండ్రి సక్రు కాళ్లు దులుపుకుని వచ్చాడు. ఆయనకు చదువు రాదు. "మంచిగ పండింది," అన్నాడు.

"ఏంది పండేది? గది జాగ్రత్తని చెప్పే లైను!"

"ఎరుపు చూసి మిర్చి రైతు భయపడ్తడా పిల్లా? తాలు చూస్తెనే మాకు గుండె గుభేల్‌మంటది."

శోభ పకపకా నవ్వింది. కళ్లం మూలన ఏరిపోసిన తాలుకాయలు, ఎరుపు పోయి లేత పసుపుకు తిరిగినవి, కుప్పగా ఉన్నాయి. ఆ పాలిపోయిన పసుపును లైను వెనక పరిచి, అక్షరాలను నల్లగా దిద్దింది. మార్చింది ఒక్కచోట. నలభై లైన్లూ మారిపోయాయి.

పదకొండింటికి మరిపెడలో, శోభ ఎదుటే, సంఘం పెద్ద పోశాలు ఫోన్‌లో పేజీ తెరిచాడు. వేలు నేరుగా ఆ పసుపు లైను మీదికే పోయింది.

"తాలు రంగేసినవేందమ్మా గీడ? ఆగు, చదవనీ." చదివి గతుక్కుమన్నాడు. "పది రోజులా! మొన్ననే కొట్టిన. రేపు కోతకు మనుషులను పిలిచిన!"

అక్కడి నుంచే ఇంటికి ఫోన్ చేసి కోత ఆపించాడు. శోభ వైపు తిరిగి, పత్తి పేజీ కూడా నువ్వే చెయ్యాలె బిడ్డా అన్నాడు.

ఈ కథ కోసం ఇదంతా విని రాసుకుని నేను లేస్తుంటే శోభ చివరిగా ఒక్కటే అడిగింది:

"బాపు పేరు ముందు రాయున్రి, దాన్ని ఆనుకొనే నాది పెట్టున్రి. నడుమల నితినన్నను మాత్రం రానియ్యకున్రి."