ఒకే బెంచీ పిల్లల నిద్ర

2004వ సంవత్సరం, సెప్టెంబరు నెల. నోయిడాలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీలో నేను స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. క్యాజువాలిటీ అంటే ప్రమాదాలూ, హఠాత్తుగా వచ్చిన జబ్బులూ ముందుగా చేరే గది. అక్కడ రోగిని ముట్టుకునే ముందే హిస్టరీ అడగడం మొదలవుతుంది. ఏమైంది, ఎప్పుడైంది, అంతకుముందు ఏం తిన్నారు, ఏం తాగారు అన్న ప్రశ్నలకు వచ్చే జవాబులే హిస్టరీ. సగం వైద్యం అందులోనే ఉంటుందని మాకు నేర్పారు.

ఆ రోజు పొద్దున దగ్గర్లోని బడి నుంచి ఒక టీచరు ఒకటో తరగతి పిల్లలు నలుగురిని వ్యానులో తీసుకొచ్చింది. నలుగురూ ఒకే బెంచీవాళ్ళు. ముగ్గురు నిద్రపోతున్నారు. నాలుగో పిల్లకు ఏమీ కాలేదు, కానీ పక్కనే కూర్చుంటుంది కాబట్టి తెచ్చానంది టీచరు.

అది మామూలు నిద్ర కాదు. చెవి తమ్మె నొక్కితే కళ్ళు తెరిచి, మళ్ళీ జారిపోతున్నారు. టార్చి వేసి చూస్తే ముగ్గురి కంటిపాపలూ ఆవగింజల్లా ఉన్నాయి. అందరిలోకీ చిన్నగా ఉన్న తాన్యా అనే పాప అసలు పలకడం లేదు. ఊపిరి తీసి వదిలాక మళ్ళీ తీయడానికి చాలాసేపు పడుతోంది. నేను ఆక్సిజన్ పెట్టి, ఛాతీ మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

"నిన్న బడిలో దోమల మందు కొట్టించాం," అంది టీచరు. డెంగీ రోజులు. పురుగుమందు విషం ఎక్కినా కంటిపాపలు అలాగే చిన్నవవుతాయి. మా డాక్టర్ మాథుర్ దానికి విరుగుడైన అట్రోపిన్ సిరంజిలోకి తీయమన్నారు. తీసి ఇచ్చాను. ఆయన దాన్ని పట్టుకుని ఆగిపోయారు. పురుగుమందు విషంలో నోటి నుంచి చొంగ కారుతుంది, చెమట పడుతుంది, దుస్తుల్లో వాసన వస్తుంది. ఈ పిల్లల నోళ్ళు ఎండిపోయి ఉన్నాయి.

"కుఛ్ ఔర్ హై," అన్నారు, ఇది వేరే ఏదో అని. తర్వాత మిగతావాళ్ళకన్నా కాస్త మెలకువగా ఉన్న రోహన్ మీదికి వంగారు. "క్యా ఖాయా, బేటా?"

"కుఛ్ నహీ."

ఏమీ తినలేదట. టిఫిన్ డబ్బాలు ఇంకా తెరవనే లేదని టీచరు కూడా చెప్పింది. రెండో పిల్లవాడిని లేపి అడిగితే అతనూ అదే మాట.

"సబ్ ఝూఠే హై," అంది మా ఆయా కమలా, వాళ్ళ కాళ్ళకు దుప్పటి కప్పుతూ, అందరూ అబద్ధాలే చెబుతున్నారని. "మా వాళ్ళూ ఇంతే, సిస్టర్. మూతికి చాక్లెట్ ఉంటుంది, కుఛ్ నహీ ఖాయా అంటారు."

నాకు మాత్రం వాళ్ళు అబద్ధమాడుతున్నట్టు అనిపించలేదు. అబద్ధమాడే పిల్లలు ముందు పెద్దవాళ్ళ ముఖం చూస్తారు. వీళ్ళు నిద్రలోనే చెబుతున్నారు. వీళ్ళు నిజమే చెబుతుంటే, మరి ముగ్గురికే ఎందుకైంది? తాన్యా దగ్గర కమలాని నిలబెట్టి, గోడవార స్టూలు మీద కాళ్ళూపుతూ కూర్చున్న నాలుగో పిల్ల దగ్గరికి వెళ్ళాను. ఐడీ కార్డు మీద ప్రిస్సిల్లా అని ఉంది. ఇంటిపేరు మా గోదావరి వైపుది.

"తెలుగువాళ్ళేనా అమ్మా?"

తల ఊపింది.

"మీ బెంచీలో అందరికీ నిద్రొచ్చింది. నీకెందుకు రాలేదే?"

అది ఏడుపు ముఖం పెట్టింది. తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు హిందీలోనే వచ్చింది. "మైనే నహీ ఖాయా, ఆంటీ. మమ్మీ మనా కర్తీ హై."

"అమ్మ ఏది తినొద్దంది?"

"ప్రసాద్."

"మరి ఇందాక డాక్టరు గారు ఏం తిన్నారని అడిగితే, మీరెవరూ చెప్పలేదేం?"

ఆ పిల్ల నన్ను కాస్త జాలిగా చూసింది. "ప్రసాద్ ఖానా థోడీ హోతా హై!" ప్రసాదం తిండి ఎలా అవుతుంది అని.

స్కర్టు జేబులోంచి చేతిరుమాలు తీసి విప్పింది. లోపల చింతపండులా నల్లగా, జిగటగా చిన్న ముద్ద. వాళ్ళమ్మ నేర్పిన నియమం మూడు ముక్కలు: ఎవరైనా ప్రసాదమిస్తే తీసుకోవాలి, తినకూడదు, పారేయకూడదు. మా ఇంట్లోనూ అదే నియమం. పక్కింటివాళ్ళు ప్రసాదం పెడితే మా అమ్మ రెండు చేతులా పుచ్చుకునేది, తర్వాత వాళ్ళ మతంవాళ్ళ పిల్లలకే పెట్టేసేది. మన దేవుడి మాట నిలుపుకోవడం మన పనే, ఎదుటివాళ్ళ మనసు నొప్పించకపోవడం కూడా మన పనే అనేది. క్రైస్తవుల ఇళ్ళలో పెరిగిన చాలామందికి ఇది తెలుసు.

డాక్టరు గారు ఆ ముద్దను వాసన చూశారు. "అఫీమ్."

నల్లమందు. ఆయన అట్రోపిన్ పక్కన పెట్టేసి, నలాక్సోన్ కోసం పైన ఆపరేషన్ థియేటర్‌కి మనిషిని పరుగెత్తించారు. మత్తు ఎక్కువై ఊపిరి ఆగుతున్నప్పుడు దానికి విరుగుడు అది. ఆ మనిషి వచ్చేదాకా డాక్టరు గారు మాస్కు పెట్టి, దానికున్న గాలి సంచీ నొక్కుతూ తాన్యాకి తన చేత్తోనే ఊపిరి పోశారు. మందు నరంలోకి వెళ్ళిన కాసేపటికి ఆ పాప కళ్ళు తెరిచి, గట్టిగా ఏడ్చింది. క్యాజువాలిటీలో పిల్లల ఏడుపు విని మేము సంతోషించే సందర్భాలు ఉంటాయి. నలాక్సోన్ ప్రభావం నల్లమందు కన్నా ముందే తగ్గిపోతుంది. అందుకని సాయంత్రం దాకా ముగ్గురినీ పరుపు మీద నుంచి కదలనివ్వలేదు. తాన్యాకి మళ్ళీ మళ్ళీ మందు ఇవ్వాల్సి వచ్చింది.

విషం కేసులకు ఎం.ఎల్.సి. రాయాలి, అంటే పోలీసులకు తెలియజేయాలి. వచ్చిన కానిస్టేబులు బడికి వెళ్ళి చూసొచ్చి చెప్పాక మిగతాది తెలిసింది. బడి ప్రహరీ మీద మగవాళ్ళు మూత్రం పోయకుండా దేవుళ్ళ బొమ్మలున్న టైల్స్ అంటించారు. ఢిల్లీ చుట్టుపక్కల ఏ వీధిలోనైనా ఇవి చూడొచ్చు. కొన్నాళ్ళకు ఎవరో అక్కడ అగరొత్తి గుచ్చారు, ఎవరో పటికబెల్లం పెట్టారు. అందరూ దణ్ణం పెట్టుకునే చోట ఎవరూ చెయ్యి పెట్టరని ఎవడో తన సరుకు టైల్ కింది అంచులో దాచుకున్నాడు. గేటు తెరిచేలోగా అక్కడ నిలబడ్డ తాన్యాకు ఆ పొట్లం దొరికింది. దేవుడి ముందున్నది ప్రసాదమే కదా. క్లాసులో కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టి తన బెంచీలో అందరి అరచేతుల్లో తలా కాస్త పెట్టింది. పంచగా మిగిలిందంతా తనే తినేసింది. విషపు చేదు. అయినా ఒక్కరూ ఉమ్మలేదు. ప్రసాదం ఉమ్మకూడదు.

ఆ సరుకు ఎవరిదో మాకు తెలియలేదు.

ఆ రోజుల్లో ఇంటికెళ్ళి ఇలాంటివి చెబితే మా ఆయన ప్రశ్నల మీద ప్రశ్నలు వేసేవారు. ఆయన పోయాక, కాగితం మీద పెట్టడం మొదలుపెట్టాను.

మర్నాడు డిశ్చార్జి చేసేటప్పుడు తాన్యా నానమ్మ ఆమెకు నచ్చజెబుతోంది. "వో భగవాన్ కా నహీ థా, బిటియా. కిసీ ఔర్ కా థా." అది దేవుడిది కాదమ్మా, వేరే ఎవరిదో అని.

తాన్యా వెంటనే అడిగింది. "తో హమ్ నే చోరీ కీ?"

అయితే మేము దొంగతనం చేశామా? చావుదాకా వెళ్ళొచ్చిన పిల్లకు ఉన్న బెంగ అది. నానమ్మ నా వైపు చూసింది. "నహీ బేటా, తూనే తో బాంటా," అన్నాను. నువ్వు పంచిపెట్టావు అని.

ఆ కేసు తర్వాత పిల్లల దగ్గర హిస్టరీ అడిగే తీరు మార్చుకున్నాను. ఏది తిండి, ఏది మందు, ఏది ఆట అన్న లెక్క మనకొకటి ఉంటుంది, వాళ్ళకు ఇంకొకటి. మన లెక్కలో అడిగితే వాళ్ళు నిజమే చెబుతారు, మనకే పనికిరాదు. అందుకని ఏం తిన్నావు అని అడగడం మానేశాను. "పొద్దున లేచినప్పటి నుంచి నీ చేతిలోకి ఏమేం వచ్చాయి?" అని అడిగి, కుర్చీ లాక్కుని కూర్చునేదాన్ని. జవాబు పెద్దగా ఉండేది. సుద్దముక్క, చచ్చిన తూనీగ, వేరొకరి ఊడిన పన్ను, నాన్న జేబులోని బస్సు టికెట్టు. అన్నీ చెప్పనిచ్చేదాన్ని. చాలాసార్లు అందులో జబ్బుకు సంబంధించింది ఏమీ ఉండేది కాదు.